కొండల్రావు మడ్ ఫ్లాపులు

మా ఆయన్ని మా వీధిలో అందరూ కొండల్రావు అంటారు. అది ఆయన పేరు కాదు. కొండల్ని ఆయన దగ్గరగా చూసిన సందర్భాలూ తక్కువే. కాకపోతే నోరు తెరిస్తే కొండలు, లోయలు, వాగులు, బురదలో దిగబడ్డ బండిని బయటికి లాగే పద్ధతులు తప్ప ఇంకో మాట రాదు కాబట్టి, ఎదురింటి లెక్కల మాస్టారు ఒకరోజు ఆ పేరు పెట్టారు. అది అతుక్కుపోయింది. ఇంకెవరైనా అయితే నొచ్చుకునేవారు. మా ఆయన మురిసిపోయారు. ఆదివారాలు తనతో కలిసి బళ్ళమీద తిరిగే బృందంలో కూడా తనను ఆ పేరుతోనే పిలవమని చెప్పుకున్నారు.

ఆయన ఉద్యోగం టైల్స్ షోరూములో. పొద్దున్నించి సాయంత్రం దాకా అద్దంలాంటి నేల మీద మెత్తటి బూట్లతో నడుస్తూ, వచ్చినవాళ్ళకు తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో చూపించడం ఆయన పని. అందులో ఆయనకు ఆయనే సాటి అని ఒప్పుకోవాలి. మొగుడికి ఒకటి నచ్చి పెళ్ళానికి ఇంకొకటి నచ్చి, ఇద్దరూ మొహాలు ముడుచుకుని నిలబడితే, మా ఆయన వెళ్ళి నెమ్మదిగా చెబుతారట: “అమ్మా, మీరు తొక్కేది నేల. రేపు దానిమీద సోఫా వేస్తారు, చాప వేస్తారు. దీనికింత ఆలోచన దేనికి?” అంతే, వాళ్ళు తేల్చేసుకుంటారు. ఈ తెలివిని మాత్రం ఇంటికి తీసుకురారు. షోరూములో యూనిఫారంతో పాటు బీరువాలో పెట్టి తాళం వేసి వస్తారనుకుంటాను.

ఇంట్లో ఆయన వస్తువులు ఎంచే పద్ధతి వేరు. టైల్స్ వాళ్ళ అలవాటు ఒకటుంది. పలకను నేల మీద పరిచి పొద్దుటి వెలుతురులో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూస్తేగానీ అసలు రంగు తెలియదంటారు. మా ఆయన కర్టెన్లను అలాగే చూశారు, మిక్సీని అలాగే చూశారు, నా చెప్పుల్ని కూడా హాల్లో పెట్టి మూడు వెలుతుర్లలోనూ చూశారు. ఒక్క నన్ను మాత్రం ట్యూబులైటు కింద ఒక్క పూట చూసి సరేనన్నారు. ఆ తొందర దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. అడిగితే, అప్పుడు తనకింకా అనుభవం లేదంటారు.

అలాంటి మనిషి ఒకరోజు బండి కొన్నారు. పాతదే, ఎవరో వాడి వదిలేసింది. నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరుగుతాయట, రోడ్డు లేని చోట కూడా పోతుందట. ఎక్కాలంటే ముందు ఒక మెట్టు ఎక్కాలి, ఆ తర్వాత మనసు దిటవు చేసుకోవాలి. ఉన్న టైర్లు చాలవని లావు టైర్లు వేయించారు. అవి బండి ఒంటికంటే ఒక బెత్తెడు బయటికి పొడుచుకొచ్చాయి. ఆదివారాలు ఇలాంటి బళ్ళవాళ్ళంతా కలిసి ఊరి బయట రాళ్ళ గుట్టల వైపు వెళతారు. మా ఆయన కూడా వెళ్ళారు. ఒకసారి ఇసుకలో దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగింది. ఆ కథను ఆయన చెబుతుంటే, ట్రాక్టరునే ఆయన లాగారేమోనని వినేవాళ్ళకు అనిపిస్తుంది. మిగతా రోజుల్లో ఆ బండి చేసే సాహసమల్లా ఇంటి నుంచి టైల్స్ షోరూముకి పోయి రావడం.

ఇక నా సంగతి. నేను పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తాను. తలుపు తీయగానే కనిపించే ముందు బల్ల నాది. చెంప పట్టుకుని వచ్చేవాళ్ళు మొదట చూసేది నా మొహమే. పిల్లలు తలుపు పట్టుకుని వేలాడతారు. పెద్దవాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు, వాచీ చూసుకుని “రేపొస్తాం లెండి” అని వెనక్కి తిరుగుతారు. అలాంటివాళ్ళను కూర్చోబెట్టి, నొప్పి ఎప్పటినుంచో అడిగి, పక్కింటి సంగతులూ మనవరాలి చదువూ మాట్లాడించి, వాళ్ళకు తెలియకుండానే లోపలి కుర్చీ దాకా పంపించడం నా పని. అది ఏ చదువులోనూ నేర్పరు. ముందు బల్ల వెనక ఉన్న నా కుర్చీ అంటే నాకు ప్రాణం. ఇదే మాట మా ఆయన బండి గురించి అంటే అందరూ ముచ్చటపడతారు, నేను కుర్చీ గురించి అంటే వింతగా చూస్తారు. చూడనివ్వండి.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మది. ఆవిడకు ఒకటే పట్టింపు. ముందు బల్ల దగ్గర ఉండే మనిషి తల నుంచి బూటు దాకా శుభ్రంగా ఉండాలి. నోట్లో చెయ్యి పెట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు మన చెయ్యి చూసేలోపే మన గుమ్మం చూస్తారు అంటుందావిడ. న్యాయమైన మాటే. తెల్ల కోటు, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఎన్నో ఏళ్ళు నాకూ ఆవిడకూ మాట తేడా రాలేదు.

ఆ బండి వచ్చాక వచ్చింది. మా ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా ఒక సందు ఉంది. కాలవ గొట్టాల కోసమని దాన్ని తవ్వారు, తవ్వినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. ఒక పక్క మట్టి కుప్పలు, ఇంకో పక్క గొట్టాలు, మధ్యలో ఒక్క బండి పట్టేంత దారి, ఆ దారంతా కంకరా బురదా. పొద్దున్నే మా ఆయన బండి ముందు, నా స్కూటర్ వెనక. మా వాకిట్లో ఆయన బండి గేటుకు అడ్డంగా ఉంటుంది. సాయంత్రం నేను ముందొస్తాను కాబట్టి నా స్కూటర్ లోపల పడుతుంది. ఆయన తీస్తేగానీ నేను కదలలేను. ఆయన బయటికెళ్ళి ఇంజను వేడి చేసుకుంటుంటే, నేను గ్యాసు కట్టేసి, నీళ్ళ మోటారు ఆపి, కిటికీలు మూసి, తాళం వేసుకుని పరుగున వచ్చి ఆయన వెనక పడతాను. సందు చివర పెద్ద రోడ్డుకు చిన్న ఎత్తు ఎక్కాలి. అక్కడ మా ఆయనలోని కొండల్రావు మేలుకుంటారు. కాలు బలంగా నొక్కుతారు. ఆ బెత్తెడు బయటికొచ్చిన టైర్లు గిర్రున తిరిగి, సందులో ఉన్న బురదలో సగం నా మీద వేసి, ఎత్తు ఎక్కేస్తాయి. ఆయన కుడివైపు షోరూముకి పోతారు, నేను ఎడమవైపు ఆసుపత్రికి పోతాను.

మా ఆయనకు చెబితే, కొంచెం దూరంగా రావచ్చు కదా అన్నారు. వచ్చాను. నా వెనక నీళ్ళ ట్యాంకరువాడు సందు అదిరిపోయేలా హారన్ కొట్టాడు. వాన కోటు వేసుకోమన్నారు, వేసుకున్నాను. కోటు పైన పడాల్సింది మెడ వెనక నుంచి లోపలికి పోయింది. తెల్ల కోటు సంచిలో పెట్టుకుని వెళ్ళి అక్కడ వేసుకున్నాను కూడా. ప్యాంటు, బూట్లు, మెడ, జుట్టు సంచిలో పెట్టుకుని వెళ్ళే ఉపాయం మాత్రం తట్టలేదు. సందు చివర ఒక్క క్షణం ఆగి నన్ను ముందు పోనివ్వమని అడిగాను. అక్కడ పక్కకు తప్పుకునే చోటు లేదనీ, ఊపు మీదున్న బండిని ఎత్తు ముందు ఆపడం శాస్త్రం కాదనీ అన్నారు.

చివరికి ఆ బళ్ళవాళ్ళ మాటే ఆయన ముందు పెట్టాను. వెనక చక్రాలకు మడ్ ఫ్లాపులు వేయించమన్నాను. రబ్బరు పలకలు, చక్రం వెనక వేలాడతాయి, బురదనూ రాళ్ళనూ ఆపుతాయి, ప్రతి లారీకీ ఉంటాయి. మా ఆయన మొహం వెలిగిపోయింది. బండికి ఇంకొక వస్తువు కొనడానికి ఇంట్లోంచే అనుమతి వచ్చింది మరి. “వేయిద్దాం. కానీ సరైనవి చూసి వేయించాలి,” అన్నారు. ఆ ‘సరైనవి’ అన్న మాట విన్నప్పుడే నేను స్కూటర్ అమ్మేసి బస్సు పాస్ తీసుకుని ఉండాల్సింది.

ఇక మీనమేషాలు మొదలయ్యాయి. రబ్బరా, ప్లాస్టిక్కా? రబ్బరు వంగుతుంది, ప్లాస్టిక్ విరుగుతుంది. రబ్బరు బరువు, ప్లాస్టిక్ తేలిక. పొడవు ఎంత? పొట్టిదైతే రాళ్ళు ఆగవు. పొడుగుదైతే, రివర్సులో బండరాయి మీదికి ఎక్కినప్పుడు ఫ్లాపు టైరుకూ రాయికీ మధ్య ఇరుక్కుని చిరిగిపోతుంది. మా ఆయన ఇంతవరకూ రివర్సులో ఎక్కింది మా ఇంటి గేటు గడప ఒక్కటే, అది కూడా నేను వెనక నిలబడి “రండి, రండి, ఆగండి” అంటేనే. అయినా రేపెప్పుడో ఒక బండరాయి తన కోసం ఎదురుచూస్తోందని ఆయన నమ్మకం. గొలుసు పెట్టి పైకి కట్టుకునే రకం ఉందట, కొండల్లో పైకి కట్టి ఊళ్ళో దించుకోవాలట. రంధ్రాలు పెట్టి బిగించే రకం ఉంది, కానీ రంధ్రం పెడితే అక్కడ తుప్పు పడుతుంది. క్లిప్పులతో బిగించే రకం ఉంది, కానీ అది ఊడిపోతుంది. భోజనాల దగ్గర ఇదే, పడుకునేముందు ఇదే.

ఒక ఆదివారం నన్ను కూడా బళ్ళ సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళారు. గోడనిండా ఫ్లాపులు వేలాడుతున్నాయి, నలుపు, ఎరుపు, నీలం, కొన్నిటి మీద పులి బొమ్మ. దుకాణం ఆయన పాత టైరు మీద కూర్చుని, మా ఆయన ఏది ముట్టుకుంటే దాన్ని పొగుడుతున్నాడు. రబ్బరు ముట్టుకుంటే రబ్బరంత వస్తువు లేదన్నాడు, ప్లాస్టిక్ ముట్టుకుంటే ఈ రోజుల్లో రబ్బరు ఎవరు వాడుతున్నారన్నాడు. చాలాసేపటికి ఒక ప్రశ్న అడిగాడు. “మీ బండి వెనక ఎవరైనా దగ్గరగా వస్తుంటారా సార్?”

“అబ్బే, మనకు వెనక ఎవరుంటారు? కొండల్లో మనమే,” అన్నారు మా ఆయన.

నేను సరిగ్గా ఆయన వెనకే నిలబడి ఉన్నాను, చేతిలో ఆయన వాటర్ బాటిల్‌తో. ఒళ్ళు మండింది. కానీ పరాయివాడి ముందు మొగుణ్ణి పలచన చేయడం ఎందుకని బాటిల్ మూత తీసి నేనే కాసిని నీళ్ళు తాగాను.

నమూనాకని తెచ్చిన ఫ్లాపులు మా హాల్లో బారుగా పరుచుకున్నాయి. పొద్దున ఎండలో ఎర్రవి బాగున్నాయి, మధ్యాహ్నం నల్లవి గంభీరంగా ఉన్నాయి, ట్యూబులైటు కింద ఏవీ బాగా లేవు. వాటిని దాటుకుంటూ నేను వంటింట్లోకీ పడగ్గదిలోకీ తిరిగాను. ఒకరోజు మా ఆడపడుచు చూడ్డానికి వచ్చింది. బయట వాన. గుమ్మంలోకి రాగానే కనిపించిన మొదటి ఫ్లాపు మీద రెండు కాళ్ళూ శుభ్రంగా తుడుచుకుని, “కొత్త పట్టాలు బాగున్నాయే, ఎక్కడ కొన్నావు?” అని నన్ను అడిగింది. మా ఆయన ముఖం మాడిపోయింది. “అక్కా, అది ఆఫ్ రోడ్ గ్రేడు,” అన్నారు. ఆవిడ ఏమాత్రం తొణకకుండా, అందుకే బురద బాగా పట్టిందంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆడపడుచును నేను మనస్ఫూర్తిగా ప్రేమించిన రోజు అది.

వెళ్ళేముందు ఆవిడ నన్ను పక్కకు పిలిచి, తమ్ముడు చిన్నప్పటినుంచీ ఇంతేననీ, పలక కొనమంటే బడి వదిలేవేళ దాకా దుకాణంలోనే నిలబడేవాడనీ చెప్పింది. కొంచెం ఓపిక పట్టమంది. ఓపికకు తక్కువేం లేదు. తక్కువైంది తెల్ల కోట్లు. ఉతికి ఉతికి నా చేతులు తెల్లబడ్డాయి గానీ అవి తెల్లబడలేదు.

వానలు ముదిరాక ఒక పొద్దున పెద్ద డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను లోపలికి వస్తుంటే నా ప్యాంటు చూసింది, మెడ చూసింది. అప్పటికే నాలుగైదుసార్లు నవ్వుతూ చెప్పింది. ఈసారి నవ్వలేదు.

“ఇదే చివరిసారి చెప్పడం. ఇంకొక్క రోజు ఇలా వస్తే నిన్ను వెనక ఎక్స్‌రే గదిలో ఫిల్ములు సర్దే పనిలో వేస్తాను. ముందు బల్ల కొత్తమ్మాయికిస్తాను. నీ పని బాగాలేదని కాదు, అది నీకూ తెలుసు.”

తెలుసు. అందుకే ఎక్కువ బాధేసింది. ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. కోప్పడలేదు, ఎత్తిపొడవలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ కుర్చీ పోతే నాకు రోజంతా గోడల్ని చూసుకుంటూ కూర్చోవడమే మిగులుతుందన్నాను. ఆయన టీవీ ఆపారు. ఇంట్లో టీవీ ఆపడమంటే చిన్న విషయం కాదు. కాసేపు గంభీరంగా ఆలోచించి, “అయితే ఇక లాభం లేదు. రంగు తేల్చేయాల్సిందే,” అన్నారు.

తేల్చారు కూడా. అది ఒప్పుకోవాలి. రెండు రోజుల్లో, చీకటిపడే వేళ, వాకిట్లోంచి హారన్ మోగింది. వెళ్ళి చూస్తే మా ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. ముందు చక్రం వెనక నిగనిగలాడుతూ ఎర్రటి ఫ్లాపు. వంగి ముట్టుకున్నాను. మందంగా, బలంగా ఉంది. రంధ్రాలు పెట్టించారా అని అడిగితే, పెట్టించాననీ, తుప్పు పట్టకుండా రంగు పూయించాననీ చెప్పారు. బండి వెనక భాగం గోడవైపు చీకట్లో ఉంది. నేను అటు వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పనేముంది? టీ పెట్టుకుని ఇద్దరం వరండాలో కూర్చున్నాం. నాకు నిజంగా సంతోషమేసింది. పాపం, ఈయన్ని ఎన్ని మాటలన్నానో అని మనసులో చెంపలేసుకున్నాను కూడా.

మర్నాడు వాన. బీరువాలోంచి కొత్త కోటు, కొత్త ప్యాంటు తీసి వేసుకున్నాను. ఎప్పటిలా అన్నీ మూసి, తాళం వేసి, ధైర్యంగా ఆయన వెనకే దగ్గరగా పోనిచ్చాను. మలుపు తిరిగాక హెల్మెట్ అద్దం తుడుచుకుని చూశాను. వెనక చక్రాలకు ఏమీ లేదు. ఎర్రది లేదు, నల్లది లేదు, పులి బొమ్మది లేదు. టైర్లు ఎప్పట్లాగే బెత్తెడు బయటికి వచ్చి బోసిగా తిరుగుతున్నాయి. వెనక ట్యాంకరు, పక్కన మట్టి కుప్ప, ఎటూ పోలేను. ఆపమని హారన్ కొట్టాను. కొత్త ఫ్లాపులకు నేను శుభాకాంక్షలు చెబుతున్నాననుకున్నారు కాబోలు, ఆయన కూడా సరదాగా హారన్ కొట్టారు. కొట్టి, ఎత్తు దగ్గర కాలు బలంగా నొక్కారు.

ఆ రోజు నేను ఆసుపత్రి గుమ్మం ఎక్కుతుంటే లోపల కూర్చున్న ఒక పిల్లాడు పంటి నొప్పి మరిచిపోయి నవ్వాడు. డాక్టరమ్మ వెనక గది వైపు చూపించింది. నేను బల్ల మీది నా పెన్నూ కళ్ళజోడు డబ్బా తీసుకుని వెళ్ళాను. ఆ గదికి కిటికీ లేదు. ఫిల్ములు కవర్లలో పెట్టడం, కవర్లు అరల్లో పెట్టడం. గోడ అవతల చిన్నపిల్ల ఎవరో ఏడుస్తోంది. కొత్తమ్మాయి “కూర్చోండి, పిలుస్తాం” అంటోంది. తప్పేం లేదు, ఆ మాటే అనాలి. కానీ ఆ ఏడుపు ఆగలేదు. నాకూ ఏడుపొచ్చింది, ఆ గదిలో చూసేవాళ్ళు లేరు కాబట్టి తనివితీరా ఏడ్చాను.

సాయంత్రం అడిగాను. వెనక ఎందుకు వేయించలేదని.

“వెనకవి రెండో విడతలో వేయిద్దామనుకున్నా. ముందు చక్రాల బురద ఎగిరి మన తలుపుల మీద పడుతోంది, రంగంతా పోతోంది, నువ్వు చూడలేదా? ముందు దాన్ని ఆపాలి కదా,” అన్నారు. ఆ చెప్పడంలో మోసం లేదు. అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. ఇన్ని నెలలు మూడు వెలుతుర్లలో చూసి, రబ్బరు మందం కొలిచి, దొరకని బండరాయి గురించి బెంగపడిన మనిషికి, అసలు ఆ బురద ఎవరి మీద పడుతోందన్నది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

“మీ తలుపుల రంగు పోతే మళ్ళీ వేయించుకోవచ్చండీ. నా కుర్చీ పోయింది,” అన్నాను.

ఆయన తల దించుకున్నారు. నొచ్చుకున్నట్టే ఉన్నారు. వెనక చక్రాలకు సరిపోయే వెడల్పులో ఎరుపు రంగు స్టాకు లేదనీ, వచ్చే నెల తెప్పిస్తానని దుకాణం ఆయన మాటిచ్చాడనీ, ముందు ఎరుపు వెనక నలుపు వేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారనీ అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. మాట్లాడితే ఏమంటానో నాకే తెలియక లేచి లోపలికి పోయాను.

ఇక ఫ్లాపుల ఆశ వదిలేసుకున్నాను. మర్నాడు ఎక్స్‌రే గదిలో కవర్లు సర్దుతూ ఆలోచించాను. ఆ గదిలో ఉన్న ఒకే సుఖం ఆలోచన. బురద వెనక్కి ఎగురుతుంది. వెనక ఉన్నవాళ్ళ మీద పడుతుంది. మరి నేను వెనకే ఎందుకుండాలి? దీనికి జవాబు వెతికితే, నా స్కూటర్ లోపల ఉంటుంది కాబట్టి అన్నదొక్కటే దొరికింది. ఎంత వెతికినా ఇంకో కారణం లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి స్కూటర్ లోపల పెట్టలేదు. వీధిలోనే గోడవారగా నిలిపాను. మా ఆయన వచ్చి బండి లోపల పెట్టుకున్నాక, నా స్కూటర్ తీసుకొచ్చి గేటు దగ్గర, ఆయన బండి మూతి ముందు పెట్టాను. పొద్దున్నే ఆయన ఇంజను వేడి చేయడానికి వచ్చేసరికి నేను హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ మీద కూర్చుని ఉన్నాను. తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి, గ్యాసు కట్టేయమనీ, ట్యాంకు నిండగానే మోటారు ఆపమనీ, వెనక కిటికీ గడియ కొంచెం గట్టిగా నొక్కితేనే పడుతుందనీ చెప్పాను. ఆయన తాళంచెవుల వైపు చూశారు, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు. నేను బయల్దేరాను.

ఆ సందులో ఇన్నాళ్ళూ నాకు కనిపించింది మా ఆయన బండి వెనక బిగించిన స్పేర్ చక్రమొక్కటే. ఆ రోజు చూస్తే అక్కడొక కుండీల దుకాణం ఉంది, ఒక ఇంటి గోడ మీద నుంచి పసుపుపచ్చ పూల తీగ కిందికి దిగి ఉంది. బురద అంతే ఉంది, కానీ నా చక్రాల కిందే ఉంది. ఎత్తు నెమ్మదిగా ఎక్కాను. ఆసుపత్రి మెట్ల దగ్గర దిగి ఒళ్ళంతా చూసుకున్నాను. తెల్లగా ఉంది.

మా ఇంట్లో మాత్రం కొండల్రావుగారి నిజమైన ఆఫ్ రోడ్ జీవితం మొదలైంది. మొదటి రోజు మోటారు ఆపడం మరిచిపోతే ట్యాంకు పొంగి మేడ మెట్ల మీద వాగు పారింది. వాగులంటే ఇష్టం కదా, దాటుకుంటూ వెళ్ళారు. తర్వాత కిటికీ గడియ సరిగ్గా పడక వాన లోపలికి కొట్టి పరుపు తడిసింది. ఒకరోజు సగం దూరం వెళ్ళాక గ్యాసు కట్టేశానో లేదోనని అనుమానమొచ్చి వెనక్కి వచ్చారు, కట్టేసే ఉంది. రోజూ షోరూముకి ఆలస్యమే. మేనేజరు అందరి ముందూ గడియారం చూపించాడట. అన్ని ఊళ్ళ రాళ్ళ మీదా బండి నడపగల మనిషి ఒక ఇంటిని మూసి బయటపడలేకపోయారు.  దెప్పడానికి నాకు తీరిక లేదు, పొద్దున్నే నిమ్మళంగా ముందు పోవడంలో ఒక సుఖముంది, దాన్ని అనుభవిస్తున్నాను.

అలా కొన్నాళ్ళు గడిచాక డాక్టరమ్మ ఎక్స్‌రే గదిలోకి వచ్చింది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది. వాన కుండపోతగా కురుస్తున్న రోజు అది. “రేపటినుంచి ముందుకొచ్చి కూర్చో. అక్కడ పిల్లల ఏడుపు వినలేక చస్తున్నాం,” అంది. నేను నా పెన్నూ కళ్ళజోడు డబ్బా తీసుకుని రేపటిదాకా ఆగకుండా అప్పుడే వెళ్ళాను. బల్ల దగ్గర ఒక పెద్దాయన వాచీ చూసుకుంటూ లేవబోతున్నాడు. కూర్చోబెట్టాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన నాకంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నారు. నన్ను చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్ళారు. రెండు వెనక చక్రాలకూ వెడల్పాటి నల్లటి రబ్బరు ఫ్లాపులు, మోకాలి కింద దాకా వేలాడుతున్నాయి. ముందు ఎరుపు, వెనక నలుపు. నేల మీద పరవలేదు, ఏ వెలుతురులోనూ చూడలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి దుకాణానికి వెళ్ళి, చేతికి మొదట తగిలినవి బిగించమన్నారట. తన దాకా వస్తేగానీ తెలియదంటారు, అది నిజమే గానీ, తెలిశాక ఇంత త్వరగా పని అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

“ఇక నీకు ఏ భయం లేదు. పొద్దున్నే నేను తీస్తా, నువ్వు ఎప్పట్లాగే అన్నీ మూసుకుని నిశ్చింతగా నా వెనక రావచ్చు,” అన్నారు. మొహంలో ఎంత తృప్తి ఉందంటే, చూస్తే జాలేసింది. నాకు ఆయనంటే కోపం కూడా పోయింది, నిజం చెబుతున్నాను. పోయాక ఆ మాటకు జవాబు చెప్పడం తేలికైంది.

“వద్దండీ. మీరే నా వెనక రండి. మీ మీద చుక్క కూడా పడదు.”

“ఎందుకు పడదు?” అన్నారు.

నా స్కూటర్ వెనక చక్రం చూపించాను. నెంబరు పలక కింద చిన్న నల్ల రబ్బరు ముక్క వేలాడుతోంది, అంచులు అరిగిపోయి, ఎండిన మట్టితో. ఆయన గొంతుక్కూర్చుని దాన్ని చూశారు. బొటనవేలితో చూపుడువేలితో మందం పట్టి చూశారు. ఫ్లాపుల గురించి తనకు తెలియనిది ఉందని ఆయన అనుకోలేదు.

“ఇది ఎప్పుడు వేయించావు?”

“నేను వేయించలేదు. బండితోనే వచ్చింది. వెనక ఎవరో ఒకరు వస్తారని వాళ్ళకు తెలుసు.”

మా ఆయన ఆ ముక్కకు అంటిన మట్టిని గోటితో గీకడం మొదలుపెట్టారు. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. మర్నాడు పొద్దున నేను ముందు బయల్దేరాను, ఆయన ఇల్లు తాళం వేసుకుని నా వెనక వచ్చారు.